ఒకే కిలోమీటరులో రెండు రోడ్లు: బెంకెల్‌మన్ బీమ్, ఎఫ్‌డబ్ల్యూడీ రీడింగుల కేస్ స్టడీ

650 మీటర్ల దగ్గర బెంకెల్‌మన్ బీమ్, అంటే లారీ బరువుకు రోడ్డు ఎంత కుంగుతుందో కొలిచే పరికరం, 1.62 మి.మీ. చూపింది. 950 మీటర్ల దగ్గర 1.60. ఈ రెండు అంకెలు మాత్రమే చూసిన డిజైనర్ రెండు చోట్లా ఒకే మందం ఓవర్‌లే (పాత రోడ్డు మీద కొత్త పొర) వేయమంటాడు. తవ్వి చూస్తే మొదటి చోట తారు, కంకర బాగానే ఉన్నాయి, కింద మట్టి మెత్తబడింది. రెండో చోట మట్టి గట్టిగానే ఉంది, పైనున్న తారు పొర లోపల విడిపోయింది. ఒక చోట నీటికి దారి చూపాలి, ఇంకో చోట తారు గీకి తీయాలి. రెండింటి మీదా కొత్త తారు పరిస్తే ఆ డబ్బు పోయినట్టే.

ఈ తేడాను తవ్వకముందే రీడింగుల్లో ఎలా పట్టుకోవచ్చో చూపడానికే ఈ కేస్. కింది అంకెలు ఏ ఒక్క రోడ్డు రికార్డు నుంచీ ఎత్తి రాసినవి కావు. లెక్క మొదటి నుంచి చివరిదాకా చేత్తో చేసి చూసుకునేలా కూర్చిన నమూనా కిలోమీటరు ఇది. పద్ధతులు, పరిమితులు, సవరణలు మాత్రం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) కోడ్‌ల ప్రకారమే: బీమ్‌కు ఐఆర్‌సీ 81-1997, బరువు పడేసి కొలిచే ఎఫ్‌డబ్ల్యూడీకి ఐఆర్‌సీ 115-2014.

రోడ్డు సంగతి

రెండు లేన్ల రాష్ట్ర రహదారి, 7 మీటర్ల వెడల్పు. రోజుకు 1500కు పైగా వాణిజ్య వాహనాలు. నేల నల్లరేగడి, ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టి జిగటను చెప్పే అంకె) 15 కంటే ఎక్కువ. దాని మీద 200 మి.మీ. జీఎస్‌బీ (గ్రాన్యులర్ సబ్-బేస్, నీరు బయటికి పోనిచ్చే అడుగు పొర), 250 మి.మీ. కంకర పొర, ఆపైన 90 మి.మీ. తారు. ఎడమ పక్క 580 మీటర్ల దాకా మెట్ట, ఆ తర్వాత కాలువ కింద సాగయ్యే వరి మడులు.

డిఫ్లెక్షన్ (బరువుకు రోడ్డు కుంగే లోతు) కొలిచే ముందు చేసే కండిషన్ సర్వేలో ఈ కిలోమీటరంతా 'గుడ్' కిందికే వచ్చింది. చక్రాల దారిలో గాడి 10 మి.మీ. దాటలేదు, పగుళ్లు లేవు. కారణం, ఏడాది కిందట వేసిన పలుచటి రెన్యువల్ కోటు. కంటికి కనిపించేదాన్ని బట్టి రోడ్డును సెక్షన్లుగా విడగొట్టమని ఐఆర్‌సీ 81 చెబుతుంది. గాడి 10 నుంచి 20 మి.మీ. ఉంటే 'ఫెయిర్', 20 దాటినా పగుళ్లు విస్తారంగా ఉన్నా 'పూర్'. కొత్త కోటు పడిన రోడ్డు మీద ఈ వర్గీకరణను నమ్మకూడదు. ఆ కోటు ఎప్పుడు పడిందో, అంతకు ముందు ఎక్కడెక్కడ ప్యాచ్‌లు వేశారో మెయింటెనెన్స్ రిజిస్టర్‌లో చూసుకున్నాకే సెక్షన్ గీత గీయాలి.

బీమ్ ఎందుకు అలా ఉంటుంది

1950ల తొలినాళ్లలో అమెరికాలోని ఇడాహోలో వాషో (పశ్చిమ రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) రోడ్ టెస్ట్ జరిగినప్పుడు ఎ.సి. బెంకెల్‌మన్ తయారుచేసిన పరికరం ఇది. మనం ఇప్పటికీ వాడే 8170 కిలోల యాక్సిల్ బరువు అక్కడి 18,000 పౌండ్లే. బీమ్ మొత్తం పొడవు 3.66 మీటర్లు. పివట్ (బీమ్ ఊగే ఇరుసు) నుంచి ప్రోబ్ (రోడ్డును తాకే చెయ్యి) కొన దాకా 244 సెం.మీ., పివట్ నుంచి డయల్ గేజ్ దాకా 122 సెం.మీ. అంటే కొన 2 మి.మీ. కదిలితే డయల్ 1 మి.మీ. చూపుతుంది. అందుకే రీడింగును రెట్టింపు చేస్తాం.

బీమ్‌ను మోసే ఫ్రేమ్‌కు ముందు కాళ్లు పివట్‌కు 25 సెం.మీ. వెనక, వెనక కాలు 166 సెం.మీ. వెనక ఉంటాయి. ఈ కొలతలు గుర్తుంచుకోవాలి. లెక్కలో అందరూ కంఠస్థంగా వేసేసే 2.91 అనే గుణకం పుట్టేది వీటి నుంచే.

ప్రోబ్ కొన నుంచి ముందు కాళ్ల దాకా దూరం 244, 25 కలిపి 269 సెం.మీ. మెత్తటి నేల మీద లారీ చక్రం కింద ఏర్పడే కుంగుడు ఒక్క బిందువు దగ్గర ఆగదు, వెడల్పాటి పళ్లెంలా పరుచుకుంటుంది. దాన్నే బౌల్ అంటాం. బౌల్ అంచు 2.7 మీటర్లు దాటితే బీమ్ ముందు కాళ్లు కూడా అందులోనే నిలబడి ఉంటాయి. అప్పుడు కొలిచే బద్దే కుంగిపోయినట్టు, వచ్చే అంకె అసలు కంటే తక్కువ. లారీని సరిగ్గా 2.7 మీటర్లు నడిపి మధ్య రీడింగు తీసుకోమనడం దీనికే. ఆ క్షణంలో లారీ చక్రానికీ ప్రోబ్ కొనకీ ఉన్న దూరం, మొదట్లో చక్రానికీ ముందు కాళ్లకీ ఉన్న దూరం ఒకటే. కాబట్టి అక్కడి నుంచి లారీ పూర్తిగా వెళ్లిపోయేదాకా కొన ఇంకా ఎంత లేచిందో, మొదట్లో ముందు కాళ్లు అంతే కుంగి ఉన్నాయని లెక్క.

ముందు కాళ్లు ఒక మి.మీ. దిగితే ఫ్రేమ్ వెనక కాలి చుట్టూ తిరుగుతుంది. పివట్ 166ను 141తో భాగించినంత, డయల్ గేజ్ ఉన్న చోటు 44ను 141తో భాగించినంత దిగుతాయి. ఇందులో 141 ముందు, వెనక కాళ్ల మధ్య దూరం. 44 అంటే 166 నుంచి 122 తీసేసింది. రెండింటి ప్రభావం కలిపితే, 166కు మూడు రెట్ల నుంచి 44కు రెండు రెట్లు తీసి, 141తో భాగించాలి. 410 బై 141, అంటే 2.91. మీ దగ్గరి బీమ్ స్థానికంగా చేయించినదైతే టేపుతో ఈ నాలుగు దూరాలూ కొలుచుకోండి. ముందు కాళ్లు వెల్డింగ్‌లో నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ పడ్డా గుణకం మారిపోతుంది.

లారీ, బీమ్ సిద్ధం చేయడం

వెనక యాక్సిల్ మీద 8170 కిలోలు, ఒక శాతానికి మించి తేడా రాకూడదు. 10.00×20 సైజు జంట టైర్లు, గాలి చదరపు సెంటీమీటరుకు 5.6 కిలోలు, ఇందులో 5 శాతం వరకు తేడా ఒప్పుకుంటారు. రెండు టైర్ల మధ్య సందు 30 నుంచి 40 మి.మీ. ఆ సందులోంచే ప్రోబ్ వెళ్లాలి.

తప్పులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. వేబ్రిడ్జి మీద లారీ మొత్తం బరువు చీటీ తెచ్చి ఫైల్‌లో పెడితే సరిపోదు. వెనక చక్రాలు మాత్రమే కాటా మీద, ముందు చక్రాలు అదే మట్టంలో బయట ఉండగా తూయాలి. కాటా దగ్గర ర్యాంపు వాలుగా ఉంటే బరువు వెనక్కో ముందుకో జారుతుంది. ఇసుక బస్తాలతో బరువు పెడితే రాత్రి వానకు ఇసుక తడిసి బరువు పెరుగుతుంది. టార్పాలిన్ కప్పాలి, లేదా రాళ్లో కాంక్రీటు దిమ్మెలో వాడాలి. ఎండలో నాలుగు గంటలు తిరిగిన టైర్లలో గాలి ఒత్తిడి పెరుగుతుంది గనుక పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గేజ్ పెట్టి చూడాలి.

బీమ్‌ను రోజూ పని మొదలయ్యే ముందు క్యాలిబ్రేట్ చేయాలి. గట్టి చదును నేల మీద పెట్టి, మందం తెలిసిన లోహపు దిమ్మెలను ప్రోబ్ కింద ఒక్కొక్కటిగా ఉంచాలి. డయల్ ప్రతిసారీ మందంలో సగం చూపాలి. చూపకపోతే ముందు డయల్ గేజ్‌ను పరీక్షించి, అవసరమైతే మార్చాలి. గేజ్ సరిగానే ఉంటే పివట్ బిగుసుకుందేమో చూడాలి. ఆ తర్వాత గేజ్ స్పిండిల్ ఆనే పళ్లెం. అది వదులైనా, స్పిండిల్ పదే పదే ఆని గుంట పడినా రీడింగు తడబడుతుంది. ఈ చివరిది చాలామంది చూడరు. బజర్ ఆన్ చేయకుండా తీసిన రీడింగులు కూడా పనికిరావు. ఆ సన్నటి అదురే పివట్ దగ్గరి రాపిడిని విడిపిస్తుంది.

పాయింట్లు, రీడింగు

లేన్ వెడల్పు 3.5 మీటర్లు గనుక పాయింట్లు రోడ్డు అంచు నుంచి 90 సెం.మీ. లోపల, బయటి చక్రాల దారిలో పడతాయి. లేన్ 3.5 కంటే తక్కువైతే 60 సెం.మీ., డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డయితే 1.5 మీటర్లు. పాయింట్ల మధ్య 50 మీటర్లు మించకూడదు. అంటే ఒక లేన్‌లో కిలోమీటరుకు 20. పక్క లేన్‌లో పాయింట్లు వీటికి ఎదురుగా కాకుండా మధ్యలో పడేలా జరపాలి. ఈ కేస్‌లో ఎడమ లేన్ ఒక్కటే చూద్దాం.

జంట టైర్ల మధ్య సందు సరిగ్గా పాయింటు మీదికి వచ్చేలా లారీని ఆపి, వెనక నుంచి ప్రోబ్‌ను దూర్చి, పిన్ తీసి, వెనక కాలిని సర్దాలి. డయల్ వెంటనే నిలవదు. నిమిషానికి 0.025 మి.మీ. కంటే తక్కువ కదులుతున్నప్పుడు తొలి రీడింగు రాయాలి. తొందరపడి పది సెకన్లకే రాసేస్తే రోడ్డు ఇంకా కుంగుతూనే ఉంటుంది, ఆ మేరకు డిఫ్లెక్షన్ తక్కువ పడుతుంది. తర్వాత లారీ మెల్లగా 2.7 మీటర్లు కదిలి ఆగాలి, మధ్య రీడింగు. ఇంకో 9 మీటర్లు వెళ్లి ఆగాలి, చివరి రీడింగు. ఈ రెండు ఆగే చోట్లూ ముందే సుద్దతో గీసి పెట్టాలి. డ్రైవర్ అంచనాకు వదిలితే 2.7 కాస్తా 3.5 అవుతుంది, పైన చెప్పిన జ్యామితి అంతా తప్పుతుంది. గేరు వేసేటప్పుడు లారీ ఒక్క చెయ్యి వెనక్కి జారినా ఆ పాయింటు వదిలి మళ్లీ తీయాల్సిందే. టైరు ప్రోబ్‌ను రాసుకున్నా అంతే.

ఎండ నేరుగా పడితే బీమ్ పైభాగం వేడెక్కి సన్నగా వంగుతుంది. గొడుగు కాదు, బీమ్ పొడవునా నీడ పట్టే గుడ్డ కావాలి. పక్క లేన్‌లో లోడు లారీ వెళ్తుంటే అది దాటిపోయేదాకా ఆగాలి. ఫ్లాగ్‌మెన్ ఇద్దరుంటే ఈ ఆగడం తేలిక.

తారు ఉష్ణోగ్రత కోసం 45 మి.మీ. లోతు రంధ్రం చేసి, గ్లిజరాల్ పోసి, థర్మామీటర్ ఉంచి గంటకోసారి చూడాలి. ప్రామాణికం 35 డిగ్రీలు. అంతకు పైన ఒక్కో డిగ్రీకి 0.01 మి.మీ. తీసేయాలి, కింద ఉంటే కలపాలి. తారు పొర 40 మి.మీ. కంటే పలుచనైతే ఈ సవరణ లేదు.

ఒక పాయింటు పూర్తి లెక్క

750 మీటర్ల దగ్గర డయల్ విభాగాలు: తొలి 100, మధ్య 46, చివరి 42. ఒక విభాగం 0.01 మి.మీ.

తొలి, చివరి తేడా 58. రెట్టింపు చేస్తే 1.16 మి.మీ. ఇది పైకి కనిపించే డిఫ్లెక్షన్. మధ్య, చివరి రీడింగుల తేడా 4 విభాగాలు. ఇది 2.5 విభాగాల లోపే ఉంటే లెక్క 1.16తోనే ఆగేది. దాటింది గనుక ముందు కాళ్లు కుంగినట్టు. రెట్టింపు చేస్తే 0.08, దాన్ని 2.91తో గుణిస్తే 0.23. అసలు డిఫ్లెక్షన్ 1.39.

తారు ఉష్ణోగ్రత 41 డిగ్రీలు. 0.06 తీస్తే 1.33. ఇక తేమ సవరణ. సబ్‌గ్రేడ్ (రోడ్డు పొరల కింది నేల) మట్టి తీసి తేమ శాతం కట్టి, మట్టి రకం, ప్లాస్టిసిటీ, ఏటా పడే వాన 1300 మి.మీ. కంటే తక్కువా ఎక్కువా అనేదాన్ని బట్టి ఐఆర్‌సీ చార్టులో గుణకం చూడాలి. అది 1.17 అనుకుంటే 1.56 మి.మీ. పట్టికలోకి వెళ్లేది ఈ అంకె.

కాళ్ల సవరణ మరిచిపోయి ఉంటే? 1.10ని 1.17తో గుణించి 1.29 రాసేవాళ్లం. నల్లరేగడి మీద ఈ ఒక్క అడుగు వదిలేస్తే 0.27 మి.మీ. మాయమవుతుంది. ఉష్ణోగ్రత సవరణ గురించి గంటలు చర్చించేవాళ్లు కూడా మధ్య రీడింగును మొక్కుబడిగా రాస్తుంటారు. ఎక్కువ తేడా తెచ్చేది అదే.

కొలతకు సరైన కాలం వానలు ఆగిన వెంటనే, మట్టి అత్యంత బలహీనంగా ఉన్నప్పుడు. అప్పుడు తేమ గుణకం 1కి దగ్గరగా ఉంటుంది, చార్టు మీద ఆధారపడే భాగం తగ్గుతుంది. తెలంగాణలో అక్టోబరు కుదురుతుంది. కోస్తా ఆంధ్రలో ఈశాన్య రుతుపవనాల వాన అప్పటికింకా ఆగదు, ఇంకొంత వేచి చూడాలి. టెండరు తొందరలో ఏప్రిల్‌లో కొలిచిన నల్లరేగడి రోడ్డు రాయిలా కనిపిస్తుంది.

ఇరవై అంకెలు చెప్పేది

సవరణలన్నీ అయ్యాక, సున్నా నుంచి 550 మీటర్ల దాకా పన్నెండు పాయింట్లు: 0.84, 0.92, 0.88, 0.96, 0.80, 0.90, 1.00, 0.86, 0.94, 0.90, 0.82, 0.98.

600 నుంచి 950 దాకా ఎనిమిది: 1.40, 1.62, 1.78, 1.56, 1.70, 1.48, 1.66, 1.60.

కిలోమీటరంతా ఒకే సెక్షన్ అనుకుని లెక్కిస్తే సగటు 1.18, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) 0.36. రాష్ట్ర రహదారి గనుక సగటుకు రెండు డీవియేషన్లు కలపాలి, చిన్న రోడ్లకైతే ఒకటి చాలు. అలా వచ్చే డిజైన్ అంకెనే క్యారక్టరిస్టిక్ డిఫ్లెక్షన్ అంటారు, ఇక్కడ అది 1.91 మి.మీ.

ఇప్పుడు విడగొట్టి చూడండి. మొదటి 600 మీటర్లు: సగటు 0.90, డీవియేషన్ 0.063, క్యారక్టరిస్టిక్ 1.03. చివరి 400 మీటర్లు: సగటు 1.60, డీవియేషన్ 0.121, క్యారక్టరిస్టిక్ 1.84. కలిపి కట్టిన 1.91, విడిగా ఉన్న బలహీన భాగం అంకెను కూడా మించిపోయింది. రెండు వేరు వేరు రోడ్ల మధ్య ఎడం కాస్తా డీవియేషన్‌గా మారి, బాగున్న 600 మీటర్ల నెత్తిన పడింది.

డబ్బులో దీని అర్థం ఏమిటో తెలియడానికి పాత సూత్రం ఒకటి చాలు. క్యారక్టరిస్టిక్ డిఫ్లెక్షన్‌ను అనుమతించే డిఫ్లెక్షన్‌తో భాగించి, దాని లాగ్‌ను 550తో గుణిస్తే కంకర ఓవర్‌లే మందం మి.మీ.లలో వస్తుంది. రోజుకు 1500 నుంచి 4500 వాణిజ్య వాహనాలకు అనుమతించేది 1 మి.మీ. కలిపి కడితే 155 మి.మీ. విడిగా కడితే బలహీన భాగానికి 146, బాగున్న భాగానికి 7. అసలు డిజైన్‌కు 1997 కోడ్‌లోని మిలియన్ స్టాండర్డ్ యాక్సిల్ చార్టే (రోడ్డు మోయాల్సిన ప్రామాణిక యాక్సిళ్ల లెక్కను బట్టి మందం ఇచ్చేది) వాడాలి, ఇది పోల్చి చూడడానికి మాత్రమే. కానీ 7కీ 155కీ మధ్య తేడా ఏ చార్టు వాడినా పోదు.

ఈ విరుపును పట్టించే సంకేతం కోడ్‌లోనే ఉంది. ఏ పాయింటైనా సగటు నుంచి మూడో వంతు కంటే ఎక్కువ తప్పితే దానికి ఇరువైపులా 25 మీటర్ల దూరంలో అదనపు రీడింగులు తీయమంటుంది. ఇక్కడ సగటు 1.18, దాని మూడో వంతు 0.39, పై హద్దు 1.57. ఐదు పాయింట్లు దాన్ని దాటాయి, ఐదూ ఒకే చివర ఉన్నాయి. ఇంకా స్పష్టంగా కావాలంటే, ప్రతి అంకె నుంచీ సగటు తీసి వరసగా కూడుతూ పోవాలి. మొత్తం దిగుతూ దిగుతూ 550 మీటర్ల దగ్గర మైనస్ 3.36కు చేరి, 600 దగ్గర మైనస్ 3.14కు తిరుగుతుంది. మలుపు తిరిగిన చోటే సెక్షన్ హద్దు. వరి మడులు మొదలయ్యేది 580 దగ్గర. అదనపు పాయింట్లు 575 దగ్గరా 625 దగ్గరా పెడితే హద్దు ఖాయమవుతుంది. ఎక్సెల్‌లో ఐదు నిమిషాల పని ఇది. సగటు, డీవియేషన్ కట్టేముందే చేయాలి.

రెండు 1.6లు ఒకటి కావు

650, 950 పాయింట్ల ఫీల్డ్ షీట్ తిరగేస్తే చిన్న తేడా కనిపిస్తుంది. 650 దగ్గర మధ్య, చివరి రీడింగుల తేడా 5 విభాగాలు. 950 దగ్గర ఒకటే. అంటే మొదటి చోట బౌల్ 2.7 మీటర్లు దాటి పరుచుకుంది, రెండో చోట చక్రం చుట్టూనే ముగిసింది. సవరణ కోసం మాత్రమే వాడి పారేసే ఈ అంకెలో సబ్‌గ్రేడ్ గురించిన కబురు ఉంది. బీమ్ తప్ప ఇంకేమీ లేని పనుల్లో ఈ తేడాను వేరే కాలమ్‌లో రాసుకోవడం మంచిది.

ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్ (ఎఫ్‌డబ్ల్యూడీ) ఉంటే బౌల్ ఆకారమంతా దొరుకుతుంది. 300 మి.మీ. వ్యాసం ఉన్న పళ్లెం మీద బరువును వదిలి, కదిలే లారీ చక్రంలా మిల్లీసెకన్లలో ముగిసే 40 కిలోన్యూటన్ల దెబ్బ వేస్తుంది. పళ్లెం మధ్యలోనూ, వరసగా దూరాల్లోనూ ఉన్న జియోఫోన్లు నేల కదలికను పట్టుకుంటాయి. ఫ్రేమ్ కాళ్లు కుంగే గొడవ దీనికి లేదు. ముందు ఒక దెబ్బ పళ్లెం కుదురుకోవడానికి, తర్వాత మూడు దెబ్బలు కొలతకు. అసలు పడిన లోడు 38.6 అయినా 41.2 అయినా, నిష్పత్తిలో 40కి సర్దుతారు.

సున్నా, 300, 600, 900, 1200 మి.మీ. దూరాల్లో వచ్చినవి, మి.మీ.లలో:

650 దగ్గర: 0.80, 0.58, 0.40, 0.28, 0.20.
950 దగ్గర: 0.80, 0.42, 0.22, 0.13, 0.09.

మధ్య అంకె రెండు చోట్లా ఒకటే. మిగతావేవీ ఒకటి కావు. భారం కిందికి దిగేకొద్దీ గోపురంలా విచ్చుకుంటుంది. పళ్లెం నుంచి దూరంగా ఉన్న జియోఫోన్ ఆ గోపురంలో లోతుగా ఉన్న పొరల కదలికనే చూస్తుంది, పై పొరలు దాన్ని దాదాపు తాకవు. ఇక్కడి మొత్తం మందం 540 మి.మీ. కాబట్టి 900, 1200 దగ్గర కనిపించేది మట్టే.

చేత్తో అంచనాకు ఒక సూత్రం. దెబ్బ ఒత్తిడి 0.566 మెగాపాస్కల్స్‌ను పళ్లెం అర్ధవ్యాసం 150 వర్గంతో గుణించి, 1 నుంచి పాయిజాన్ నిష్పత్తి (నొక్కితే మట్టి పక్కకు ఉబ్బే తీరు) 0.4 వర్గం తీస్తే వచ్చే 0.84తో గుణించాలి. 10,697 వస్తుంది. దీన్ని జియోఫోన్ దూరంతోనూ, అక్కడి డిఫ్లెక్షన్‌తోనూ భాగిస్తే సబ్‌గ్రేడ్ మాడ్యులస్ (గట్టిదనం) సుమారుగా తెలుస్తుంది. 650 దగ్గర 1200 జియోఫోన్‌తో 45 మెగాపాస్కల్స్, 900తో 42. 950 దగ్గర 1200తో 99, 900తో 91. మట్టి బలం రెండింతలకు పైగా తేడా.

ఇక పై పొరలు. సున్నా, 300 రీడింగుల తేడాను సర్ఫేస్ కర్వేచర్ ఇండెక్స్ అంటారు. 650 దగ్గర 0.22, 950 దగ్గర 0.38. రెండో చోట బౌల్ చక్రం కిందే నిటారుగా పడిపోతోంది. భారాన్ని పంచాల్సిన తారు పలకలా పనిచేయడం లేదు.

సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వకముందు

బౌల్‌ను పొరల మాడ్యులస్‌లుగా విడగొట్టడానికి ఐఆర్‌సీ 115 కేజీపీబ్యాక్ ప్రోగ్రామ్‌ను వాడమంటుంది. అది ఐఐటీ ఖరగ్‌పూర్‌లో తయారైంది, జెనెటిక్ అల్గారిథమ్‌తో నడుస్తుంది. ఫలితాల్లో తారు మాడ్యులస్‌ను 35 డిగ్రీలకు, కంకర, సబ్‌గ్రేడ్ మాడ్యులస్‌లను వానాకాలపు స్థితికి సవరించి, 15వ పర్సంటైల్ విలువతో (నూటికి 15 విలువలే దానికంటే తక్కువ ఉండేది) డిజైన్ చేస్తారు. కానీ ప్రోగ్రామ్ తనకు ఇచ్చిన మందాలను నమ్ముతుంది. 90 మి.మీ. అని ఇచ్చిన తారు నిజానికి 60 ఉంటే, సన్నటి పొర అదే వంపును చూపినందుకు దాని మాడ్యులస్‌ను తక్కువగా లెక్కగట్టి, బాగున్న తారును బలహీనం అంటుంది. పాత ఎస్టిమేట్‌లోని మందాలు ఎత్తి రాయకూడదు. ప్రతి సెక్షన్‌లో కోర్ (గుండ్రంగా కోసిన తారు ముక్క) తీసి, షోల్డర్ (తారు పక్కనున్న నేల) అంచున టెస్ట్ పిట్ తవ్వి కొలిచిన మందాలే ఇవ్వాలి.

బౌల్ కూడా శుభ్రంగా ఉండాలి. పళ్లెం నుంచి దూరం పెరిగేకొద్దీ డిఫ్లెక్షన్ తగ్గాలి. ఎక్కడైనా పెరిగితే జియోఫోన్ కింద కంకర పలుకు ఉన్నట్టో, రెండు జియోఫోన్ల మధ్య పగులు ఉన్నట్టో. మూడు దెబ్బల అంకెలు ఒకదానికొకటి దగ్గరగా రాకపోతే పళ్లెం గాడి అంచున సగమే ఆనుతోంది. ఒక మీటరు జరిపి మళ్లీ వేయాలి. ఇలాంటి బౌల్‌ను కూడా ప్రోగ్రామ్ ఏదో ఒక మాడ్యులస్‌గా మార్చి ఇస్తుంది, ఎర్ర గుర్తు పెట్టదు.

ఇంకొకటి. బీమ్ 1.62 చూపిన చోట ఎఫ్‌డబ్ల్యూడీ 0.80 చూపిందని రెండింటి మధ్య ఒక స్థిర గుణకం పెట్టుకోవద్దు. ఒకటి నిలబడిన లారీ కింద నెమ్మదిగా కుంగి లేచిన ఎత్తు, పైగా తేమ సవరణ కలిసినది. ఇంకోటి మిల్లీసెకన్ల దెబ్బ. మట్టి, తారు, వేడి మారితే ఆ నిష్పత్తి మారుతుంది.

ఏం చేయాలి

650 దగ్గరి పిట్‌లో తారు, కంకర గట్టిగా ఉన్నాయి. జీఎస్‌బీ అడుగున నీరు నిలిచి ఉంది. షోల్డర్‌ను మట్టితో కప్పేయడంతో జీఎస్‌బీ అంచు మూసుకుపోయింది. మడి నీరు లోపలికి వస్తోంది, బయటికి పోయే దారి లేదు. ఇక్కడ మొదటి ఖర్చు ఓవర్‌లే కాదు. షోల్డర్ మట్టి తీసి జీఎస్‌బీని పక్క కాలువ దాకా తెరవాలి, ఆ కాలువ అడుగు జీఎస్‌బీ అడుగు కంటే కిందికి ఉండేలా తవ్వాలి, మడి వైపు గట్టు కట్టాలి. తర్వాతి వానలు గడిచాక మళ్లీ కొలిచి, అప్పుడు వచ్చిన డిఫ్లెక్షన్‌కు ఓవర్‌లే డిజైన్ చేయాలి. మందం తగ్గుతుంది. ముందే 146 మి.మీ.కు సమానమైన తారు వేస్తే కింద నీరు అలాగే ఉంటుంది, నల్లరేగడి ఉబ్బినప్పుడల్లా అంచు వెంబడి పొడవాటి పగుళ్లు మళ్లీ పైకి వస్తాయి.

950 దగ్గర కోర్ తీయబోతే తారు ముక్కలుగా విడిపోయి వచ్చింది. కింది తారు పొరలో రాళ్ల మీద బిటుమెన్ అంటుకుని లేదు. ఇక్కడ తారును పూర్తిగా మిల్లింగ్ చేసి, కింద కంకర పైభాగాన్ని వదులు చేసి తడిపి మళ్లీ రోల్ చేసి, కొత్త తారు పొరలు డీబీఎం (డెన్స్ బిటుమినస్ మెకాడమ్), బీసీ (బిటుమినస్ కాంక్రీట్) వేయాలి. విడిపోయిన తారు మీదే ఓవర్‌లే వేస్తే కొత్త పొర కింద జారే పొరను ఉంచినట్టే. మిల్లింగ్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అనేది ఒక్క కోర్ చెప్పదు. 850 నుంచి 1000 దాకా 25 మీటర్లకొకటి ఎఫ్‌డబ్ల్యూడీ వేసి, సర్ఫేస్ కర్వేచర్ ఇండెక్స్ ఎక్కడ పడిపోతుందో అక్కడ ఆపాలి.

మొదటి 600 మీటర్లకు బలం కోసం పొర అక్కర్లేదు. నీరు దిగకుండా పై పొర చూసుకుంటే చాలు.

తిరిగి కొలిచేటప్పుడు అవే పాయింట్ల మీద కొలవాలి. పెయింట్ గుర్తులు మిల్లింగ్‌లో పోతాయి. కాబట్టి ప్రతి పాయింటుకూ కిలోమీటరు రాయి నుంచి దూరం, అంచు నుంచి ఎడం, జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు మొదటి రోజే షీట్‌లో రాసి ఉంచాలి. రోడ్డు వెడల్పు పెరిగితే అంచు జరుగుతుంది గనుక, ఆ ఎడాన్ని సెంటర్ లైన్ నుంచి కూడా కొలిచి పెట్టాలి.